మొదటి పేజీలోనే రెండో సూర్యుడా?

తమ్ముడూ,

అక్బర్ కాలంనాటి పార్సీ మతగురువు దస్తూర్ మెహెర్జీ రాణా మీద నువ్వు పంపిన రాతప్రతి రెండుసార్లు చదివాను. బాగుందని చెప్పి తప్పించుకోవచ్చు గానీ, మొదటి పేజీ దగ్గరే నాకు బండి ఆగిపోయింది. మంత్రగాడెవడో పళ్లెం ఒకటి ఆకాశంలోకి పంపి రెండో సూర్యుడిలా మెరిపించడం, అక్బర్ సభంతా నోరెళ్లబెట్టడం, దస్తూర్‌గారు ప్రార్థన చదవగానే అది కిందపడటం, ఇదంతా నువ్వు పక్కనే నిలబడి చూసినట్టు రాశావు. పార్సీలు తరతరాలుగా చెప్పుకునే కథ అది, తీసెయ్యమనను. చెప్పుకుంటారని రాయి, చాలు.

నాకైతే అంతకన్నా రుచిగా అనిపించేది అక్బర్ కొలువులోని చరిత్రకారుడు బదాయూనీ రాత. గుజరాత్‌లోని నవసారి నుంచి అగ్నిని కొలిచేవాళ్లు వచ్చారని, రాత్రింబవళ్లు నిప్పు ఆరకుండా చూసే బాధ్యత అక్బర్ అబుల్ ఫజల్‌కి అప్పగించాడని, ఆ పోకడలు బొత్తిగా గిట్టని మనిషి కడుపుమంటతో రాసుకున్నాడు. గిట్టనివాడే చెప్పాక ఇంకేం కావాలి? కాకపోతే అందులో మన దస్తూర్ పేరు లేదు! వచ్చింది ఈయనేనని 20వ శతాబ్ది మొదట్లో పార్సీ పండితుడు జీవన్‌జీ జంషెడ్‌జీ మోదీ పాత కాగితాలు తవ్వి వాదించాడు. 1591లో మెహెర్జీ రాణా పోయాక కొడుకు కైకోబాద్‌కి 200 బిఘాల భూమి మీద ఇంకో 100 కలిపి ఇచ్చిన అక్బర్ ఫర్మానా కూడా ఆ కాగితాల్లో ఉంది. ఈ వెతుకులాటే ఒక అధ్యాయం అవుతుంది, నువ్వేమో ఒక్క వాక్యంలో దాటేశావు.

ఇంకోటి, ఆయన్ని పూజారి అనకు, పార్సీల అగ్ని ఉండే అగియారీని గుడి అనకు, హోమం అసలే అనకు. వాళ్ల ముఖ్యమైన ప్రార్థనా క్రతువు యస్నకీ మన యజ్ఞానికీ మాటలో చుట్టరికం ఉంది, ఒకసారి చెప్పి వదిలెయ్. దాని బదులు ఆయన రోజు ఎలా గడిచేదో చూపించు: 72 అధ్యాయాల యస్న నోటికి రావాలి, నడుముకి 72 పోగుల పవిత్రమైన తాడు కుస్తీ, ఊపిరి నిప్పుకి తగలకుండా మూతికి తెల్లటి గుడ్డ పదాన్, రోజుకి అయిదుసార్లు ఆ నిప్పుకి కట్టెలు, చందనం. ఇప్పుడు గుజరాత్‌లోని ఉద్వాడలో ఉన్న, పార్సీలకి అన్నిటికన్నా పవిత్రమైన ఇరాన్‌షా అగ్ని అప్పట్లో నవసారిలోనే ఉండేది. అలాంటి నిప్పున్న ఊరు వదిలి, అన్ని మతాలవాళ్లూ వాదించుకునే దర్బారుకి బయల్దేరిన మనిషికి ఎంత టెన్షన్ ఉండి ఉంటుందో ఊహించు, కానీ ఊహ అని తెలిసేలా రాయి.

కుర్రతనంలో నేనూ చేశాను ఇలాంటి పని. సికింద్రాబాద్‌లో 1847 నాటి అగియారీ గురించి రాస్తూ లోపలి గది, నిప్పు వెలుగు, పొగ వాసన అన్నీ వర్ణించేశాను. అది చదివిన ఒక పార్సీ పెద్దాయన, "పార్సీ కానివాళ్లని రానివ్వం కదా బాబూ, నువ్వు ఏ తలుపులోంచి వచ్చావు?" అని నవ్వుతూనే అడిగాడు. ఆ పేజీ ఇప్పటికీ దాచుకున్నాను.

నవసారిలో ఆయన పేరు మీదే 1872లో పెట్టిన లైబ్రరీ ఉంది. సూరత్‌కి దగ్గరే. ముందు అక్కడికి టికెట్ తీసుకో, మొదటి పేజీ సంగతి తిరిగొచ్చాక చూద్దాం.

మీ అన్నయ్య