ఓనరు గారి రిమోట్‌కి శానిటైజర్ కొట్టొచ్చా?

సందేహం: చెన్నై షోళింగనల్లూరులో ఫర్నిష్డ్ ఫ్లాటు తీసుకున్నాం. టీవీ ఓనరుదే. రిమోట్ జిడ్డోడుతోంది, ఓకే బటన్ గట్టిగా నొక్కితే గానీ పలకడం లేదు. బాబుకి మొన్ననే జ్వరం తగ్గింది. శానిటైజర్ కొట్టి తుడిచేయొచ్చా? (కాకినాడ నుంచి వచ్చిన కొత్త కాపురం)

జవాబు: కొట్టకండి. అసలు ఏ ద్రవమూ రిమోట్ మీద నేరుగా కొట్టకూడదు. బటన్ల చుట్టూ ఉన్న సందుల్లోంచి తిన్నగా లోపలి బోర్డు మీదికి దిగుతుంది. పైగా చేతులకి రాసుకునే శానిటైజర్‌లో చర్మం పొడిబారకుండా గ్లిజరిన్ కలుపుతారు. ఆల్కహాల్ ఎగిరిపోతుంది, గ్లిజరిన్ ఉండిపోతుంది. దానికి దుమ్ము అంటుకుని కొన్నాళ్ళకి రిమోట్ ఇప్పటికన్నా జిడ్డుగా తయారవుతుంది.

మద్రాసులో కొత్తగా దిగిన మనవాళ్ళందరిదీ ఇదే వరస. ఇంట్లో ఏ సీసా కనబడితే దాంతో తుడిచేస్తారు. నెయిల్ పాలిష్ తీసే అసిటోన్ ప్లాస్టిక్‌ని మెత్తబరుస్తుంది, అంకెల్ని చెరిపేస్తుంది. బ్లీచింగ్ నీళ్ళు స్ప్రింగులకి తుప్పు తెస్తాయి. అలాంటి రిమోట్‌ని ఖాళీ చేసే రోజున చేతిలో పెడితే ఓనరు పల్లెత్తు మాట అనడు, అడ్వాన్సులోంచి కోసేస్తాడు. పెయింటింగు పేరుతో ఎలాగూ కొంత పోతుంది, దానికి ఇది కూడా తోడెందుకు? ఏది కోయొచ్చో, ఏది కోయకూడదో మీ అగ్రిమెంటులో, తమిళనాడు 2017 అద్దె చట్టంలో చూసుకోండి. రూపాయి విలువ తెలిసినవాళ్ళు వ్యవహారాన్ని అంతదాకా రానివ్వరు.

మందుల షాపులో 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 100 మిల్లీలీటర్ల సీసా అడగండి. సర్జికల్ స్పిరిట్ అని ఏదో ఒకటి ఇస్తే లేబులు చదవకుండా తీసుకోవద్దు, కొన్ని రకాల్లో నూనె కలుస్తుంది. 99 శాతం ఇంకా బలమైనది కదా అనుకుంటారు చాలామంది. క్రిముల్ని చంపడానికి 70 శాతమే మేలు. అందులోని నీరు ఆల్కహాల్‌ని కాసేపు ఆరిపోకుండా ఉంచుతుంది, క్రిమి లోపలికి చొరబడేలా చేస్తుంది. 99 శాతం పనికొచ్చేది బోర్డు తుడవడానికే.

ముందు బ్యాటరీలు తీసేయండి. రిమోట్‌ని బోర్లించి అరచేతి మీద తట్టి, పొడి టూత్‌బ్రష్‌తో బటన్ల మధ్య దుమ్ము దులపండి. గ్లాసు నీళ్ళలో రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ వేసి, అందులో మెత్తటి బట్ట ముంచి, చుక్క కారనంతగా పిండి తుడవండి. ఈ పని ఎగ్గొట్టి నేరుగా ఆల్కహాల్ పెడితే జిడ్డు పొర కింద క్రిములు క్షేమంగా ఉంటాయి. తర్వాత ఇంకో బట్ట మీద అర చెంచా ఆల్కహాల్ పోసుకుని రిమోట్ అంతా అద్దండి, అర నిమిషమైనా తడిగా ఉండాలి. రుద్దితే అంకెలు పోతాయి. బటన్ అంచులకి ఇయర్‌బడ్ చాలు. ఫ్యాను కింద పావుగంట ఆరనిచ్చి అప్పుడు బ్యాటరీలు వేయండి. దేవుడి దీపం దగ్గరా, స్టవ్ దగ్గరా మాత్రం ఈ పని వద్దు, ఆల్కహాల్ భగ్గుమంటుంది. పాలిథిన్ కవరు తొడిగే అలవాటుంటే పూర్తిగా ఆరాకే తొడగండి. ఈ ఊరి ఉక్కకి లోపలి తడి బయటికి పోదు.

ఓకే బటన్ సంగతి పైపై తుడుపుతో తేలదు. బటన్ల కింద ఒకే రబ్బరు పరుపు ఉంటుంది, ప్రతి బటన్ అడుగునా నల్లటి కార్బన్ బిళ్ళ. నొక్కినప్పుడు ఆ బిళ్ళ బోర్డు మీది గీతల్ని కలపాలి. వాడగా వాడగా సిలికోన్ రబ్బరు కొద్దిగా నూనె ఊరుస్తుంది, చేతి జిడ్డు దానికి తోడై మధ్యలో పొరలా అడ్డుపడుతుంది. బ్యాటరీల గదిలో, ఒక్కోసారి స్టిక్కరు కింద, స్క్రూ ఉంటుంది. అది విప్పి, పాత ప్లాస్టిక్ కార్డు అంచుతో అతుకు వెంట మెల్లగా తెరవండి. కత్తి పెడితే గాట్లు పడతాయి, ఓనరు కళ్ళు నేరుగా అక్కడికే పోతాయి. రబ్బరు పరుపుని సబ్బునీళ్ళలో కడిగి, ఆఖరుగా కేన్ వాటర్‌తో జాడించండి. బోరు నీళ్ళయితే ఆరాక తెల్లటి ఉప్పు మరకలు మిగులుతాయి. బోర్డుని 99 శాతం ఆల్కహాల్ అద్దిన ఇయర్‌బడ్‌తో తుడవండి. కార్బన్ బిళ్ళల్ని గీకారంటే ఆ బటన్ ఇక పలకదు.

స్ప్రింగుల దగ్గర తెల్లటి పొడి కనిపిస్తే బ్యాటరీ కారినట్టే, చేతికి గ్లవుజు వేసుకోండి. బ్యాటరీ మీద ఆల్కలైన్ అని ఉంటే ఇయర్‌బడ్‌తో కాస్త నిమ్మరసం అద్ది తుడవాలి. మామూలు జింక్ కార్బన్ రకమైతే అది ఆమ్లం, తడిపిన వంటసోడా పెట్టాలి. ఏదైనా తర్వాత ఆల్కహాల్‌తో తుడిచి ఆరబెట్టండి. పాడైన బ్యాటరీల పారవేతకి 2022 నిబంధనలున్నాయి, చెత్తబుట్టలో వేయకండి.

ఇంట్లో వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఆల్కహాల్‌ని నమ్ముకోవద్దు. వాటిని తెచ్చే నోరోవైరస్ దానికి సరిగా లొంగదు. ఆ నాలుగు రోజులూ రిమోట్‌ని జిప్ కవర్లో పెట్టి వాడి, తర్వాత కవరు పారేయండి.

ఇంత చేశాక ఓనరు రిమోట్‌ని ఇంకా వాడటం ఎందుకు? బ్యాటరీలు తీసి బీరువాలో పెట్టేయండి. వెనక ఉన్న మోడల్ నంబరు ఫొటో తీసుకుని, మౌంట్ రోడ్డు పక్కన రిచీ స్ట్రీట్‌కి వెళ్ళి డూప్లికేటు కొనుక్కోండి. మామూలు ఇన్‌ఫ్రారెడ్ (కంటికి కనబడని వెలుగుతో పనిచేసే) రిమోట్‌కి 300 దాటి ఇవ్వకండి. మైకు బటన్ ఉన్న వాయిస్ రిమోట్లు చాలావరకు బ్లూటూత్‌తో నడుస్తాయి, చవక డూప్లికేటులో ఆ మాటతో నడిపే సదుపాయం ఉండదు. డబ్బిచ్చే ముందు మీ ఫోన్ సెల్ఫీ కెమెరాకి ఎదురుగా పెట్టి ఒక్కో బటనూ నొక్కండి. ముందున్న బల్బు ఊదారంగులో మినుకుమనాలి. అది రిమోట్ బతికుందని మాత్రమే చెబుతుంది, మీ టీవీకి సరిపోతుందని కాదు. అందుకే పనిచేయకపోతే మార్చి ఇస్తామని బిల్లు మీద రాయించుకుని రండి.