అడిగింది ఒకటి, చెప్పింది ఒకటి

ప్రశ్న: మేడం గారికి నమస్కారం. ఏడాదిలో ఆరు ఇంటర్వ్యూలకు వెళ్లాను. ఆరు చోట్లా 'తర్వాత తెలియజేస్తాం' అన్నారు, ఎవరూ తెలియజేయలేదు. తరచుగా అడిగే ప్రశ్నలు వంద సేకరించి, జవాబులు రాసుకుని, అద్దం ముందు నిలబడి వల్లె వేశాను. మొన్నటి ఇంటర్వ్యూలో 'మీలో ఉన్న లోపం ఏమిటి' అని అడిగితే 'పనిలో చిన్న తేడా ఉన్నా సహించలేను, అదే నా లోపం' అన్నాను. ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పాత ఉద్యోగం ఎందుకు మానేశారని అడిగితే మా మేనేజరు పక్షపాతం గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నిజం చెప్పడం కూడా తప్పేనా? చొక్కా రంగు దగ్గర నుంచి అన్నీ సరిచూసుకునే వెళ్తున్నాను. నా పొరపాటు ఎక్కడుంది?
- ఒక పాఠకుడు

జవాబు: చొక్కా సంగతి ముందు తేల్చేద్దాం. 19 ఏళ్లు ఎంపిక కమిటీల్లో కూర్చున్నాను. ఎవరు ఏ రంగు వేసుకొచ్చారో ఒక్కటీ గుర్తు లేదు. ఉతికినది, ఇస్త్రీ చేసినది, ఒంటికి ఇరుకుగా లేనిది అయితే చాలు.

మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టినవి ఆ వంద జవాబులు. బట్టీ పట్టిన మనిషి ప్రశ్న వినడు. తనకు తెలిసిన మాట అందులో ఎప్పుడొస్తుందా అని కాచుకుని కూర్చుంటాడు. 'ఒత్తిడిలో పని చేయగలరా?' అన్నది ఒక ప్రశ్న. 'ఒత్తిడిలో మీరు తీసుకున్న తప్పుడు నిర్ణయం ఒకటి చెప్పండి' అన్నది వేరే ప్రశ్న. రెండోది అడిగితే మొదటిదాని జవాబు గడగడా అప్పజెప్పినవాళ్లను ఎంతమందిని చూశానో. వినేవాళ్లకు అది ఇట్టే తెలిసిపోతుంది. గొంతు మారుతుంది, చూపు పైకప్పు మీదికి పోతుంది, మధ్యలో ఆపితే మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంటారు. 1921లో థామస్ ఎడిసన్ తన దగ్గర ఉద్యోగానికి వచ్చినవాళ్లకు నూటికి పైగా ప్రశ్నలున్న పరీక్ష పెట్టేవాడు. వోల్గా నది ఎక్కడుంది, అలాంటివి. దానికైతే మీ బట్టీ బాగా పనికొచ్చేది.

ఇప్పుడు చాలా చోట్ల ఎలా జరుగుతుందో చెబుతాను. ఒక ఉద్యోగానికి వచ్చిన అందరికీ ఒకే ప్రశ్నలు వేస్తారు. ప్రతి జవాబుకూ అక్కడికక్కడే మార్కులు రాసుకుంటారు. ఇది ఊరికే పెట్టుకున్న పద్ధతి కాదు. ఒక గుణం నచ్చితే మిగతా గుణాలూ బాగున్నాయనిపించడం మనుషుల బలహీనత. సైన్యంలో అధికారులు తమ కింది వాళ్లకు ఇచ్చిన అంచనాలను పరిశీలించి మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1920లోనే ఈ సంగతి రాశాడు. మరో మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ సాకెట్, ఆయన సహచరులు పాత అధ్యయనాలన్నీ తిరిగి లెక్కవేసి 2022లో ప్రచురించిన వ్యాసంలోనూ, మనిషి ఉద్యోగంలో ఎలా రాణిస్తాడో ముందుగా చెప్పగలిగే పద్ధతుల్లో ఇలా క్రమబద్ధంగా చేసే ఇంటర్వ్యూయే ముందు వరుసలో నిలిచింది. మీకు దీనివల్ల తేలేది ఒకటే: నోటితో చెప్పిన దానికే మార్కులు. మనసులో మిగిలిపోయిన దానికి సున్నా.

అందుకే నన్ను అన్నిటికన్నా బాధపెట్టిన పొరపాటు 'మేము'. గోదాము లెక్కలు చూసే ఉద్యోగానికి ఒకాయన వచ్చారు. పాత చోట సరుకు నిల్వల్లో తేడా వచ్చిందట. 'మేము పరిశీలించాం, కారణం కనుక్కున్నాం, సరిచేశాం' అన్నారు. అందులో మీరేం చేశారు అన్నాను. 'అందరం కలిసి చేశామండీ.' ఇంకో రకంగా అడిగాను. మళ్లీ 'మా బృందం' అన్నారు. తర్వాతి అభ్యర్థి రావడం ఆలస్యమైంది కనుక నాలుగోసారి అడిగే తీరిక దొరికింది. అప్పుడు కాస్త సిగ్గుపడుతూ చెప్పారు. మూడు రాత్రులు ఒక్కరే కూర్చుని ప్రతి చీటీనీ పుస్తకంతో సరిపోల్చారట. సరఫరాదారు 50 కిలోల బస్తా బదులు 45 కిలోల బస్తా పంపడం మొదలుపెట్టాడు. లెక్క రాసేవాళ్లు బస్తాలు ఎంచి 50తోనే గుణిస్తున్నారు. తేడా అక్కడుంది. ఇంత మంచి కథ జేబులో పెట్టుకుని ఆయన 'సరిచేశాం' అని కూర్చున్నారు! ఉద్యోగం ఆయనకే ఇచ్చాం. కానీ ఆ రోజు తర్వాతి మనిషి సమయానికి వచ్చి ఉంటే ఇచ్చేవాళ్లం కాదు.

మన భాషలో చేసినవాడెవరో క్రియ చివరే తెలిసిపోతుంది. 'చేశాను' అనడం గొప్పలు చెప్పుకోవడం అనుకుని చాలామంది 'చేశాం' వెనక దాక్కుంటారు. నలుగురు చేసిన పనిని మీ ఖాతాలో వేసుకోవద్దు, మీరు చేసినదాన్ని నలుగురికీ పంచేయవద్దు. పరిస్థితి ఏమిటి, మీ వంతు ఏమిటి, ఏం చేశారు, ఏమైంది. ఈ వరుసలో రెండు నిమిషాలు చాలు.

ఇక మీ 'లోపం'. ముగ్గురూ ముఖాలు చూసుకున్నది ఆ మాట అప్పటికే ఆ రోజు రెండుసార్లు విని ఉంటారు కనుక. నేను విన్న మంచి జవాబు ఇది: 'పని ఇంకొకరికి అప్పగించడం నాకు చేతకాదు. దానివల్ల ఒక నివేదిక రెండు రోజులు ఆలస్యమైంది. ఇప్పుడు సోమవారం పొద్దున్నే ఏ పని ఎవరిదో రాసి పంచుతున్నాను. అయినా మధ్యలో వెళ్లి తొంగి చూస్తూనే ఉంటాను.' ఆ చివరి వాక్యం వల్లే మేం నమ్మాం.

మేనేజరు విషయంలో నిజం చెప్పడం తప్పు కాదు. ఎంతసేపు చెప్పారన్నదే ప్రశ్న. వినేవాళ్లకు ఆయన ఎవరో తెలియదు, ఆయన వైపు మాట వినే వీలూ లేదు. తీర్పు చెప్పలేని తగవు వాళ్ల ముందు పెడితే ఇబ్బందిగా కదులుతారు, అంతే. 'అక్కడ ఎదిగే అవకాశం కనిపించలేదు' అన్నదీ నిజమే కదా? అది చెప్పి, ఈ ఉద్యోగం ఎందుకు కావాలనుకుంటున్నారో మొదలుపెట్టండి.

మీరు రాయని పొరపాటు ఒకటి నాది చెబుతాను. 24 ఏళ్ల వయసులో దరఖాస్తులో 'గణాంక శాస్త్రంలో ప్రవేశం ఉంది' అని రాశాను. ప్రవేశమంటే ఒక పుస్తకంలో రెండు అధ్యాయాలు. 'ఒక సంస్థలో జీతాలు ఎలా ఉన్నాయో చెప్పడానికి సగటు వాడతారా, మధ్యగతమా?' అని అడిగారు. నీళ్లు నమిలి, 'రెండూ ఒకటేనండీ' అన్నాను. యజమాని ఒక్కడి జీతం కొండంత ఉంటే సగటు పైకి లేస్తుందని, జీతాలన్నీ వరుసగా పేరిస్తే సరిగ్గా నడిమిన వచ్చే మధ్యగతం కదలదని మెట్లు దిగుతుంటే గుర్తొచ్చింది. వెళ్లే ముందు రోజు మీ దరఖాస్తు మీరే ఎర్ర కలం పట్టుకుని చదవండి. అడిగితే చెప్పలేని మాట ఉంటే కొట్టేయండి. ఇప్పటికే పంపేసి ఉంటే, 'అంతవరకే తెలుసు' అని ఒప్పుకోవడానికి సిద్ధపడి వెళ్లండి.

చివర్లో 'మీరేమైనా అడుగుతారా?' అంటే 'ఏమీ లేదండీ' అనకండి. ఈ ఉద్యోగంలో చేరినవాళ్లు మొదటి మూడు నెలల్లో ఏం సాధించాలని మీరు అనుకుంటారు అని అడగండి. జీతం మాట వాళ్లే ఎత్తనివ్వండి. పది నిమిషాలు ముందు చేరండి, గంట ముందు చేరి వాళ్లను ఇబ్బంది పెట్టకండి.

ప్రశ్న: అమ్మకు జబ్బు చేసి నాలుగేళ్లు ఉద్యోగం మానేశాను. పాత ఉద్యోగం తేదీలు కాస్త జరిపి రాస్తే ఖాళీ చిన్నదిగా కనిపిస్తుందని స్నేహితురాలు సలహా ఇచ్చింది. రాయమంటారా?
- ఒక పాఠకురాలు

జవాబు: వద్దమ్మా. పాత యజమానికి ఒక్క ఫోను చేస్తే తేదీలు బయటపడతాయి. అప్పుడు పోయేది ఖాళీ గురించిన అనుమానం కాదు, మీ మీద నమ్మకం. అడిగితే రెండు వాక్యాలు చెప్పండి: 'అమ్మను చూసుకోవడానికి నాలుగేళ్లు ఆగాను. ఇప్పుడు ఆ బాధ్యత తీరింది, పూర్తి సమయం పని చేయగలను.' మీ కళ్లలో నీళ్లు తిరిగితే తిరగనివ్వండి, క్షమాపణ మాత్రం అడగకండి. ఈ మధ్య మళ్లీ నేర్చుకున్నది ఏదైనా ఉంటే మూడో వాక్యంగా కలపండి. అక్కడ ఆగి, వాళ్ల తర్వాతి ప్రశ్న వినండి.