పైథానా, పీహెచ్‌పీనా అనే ముందు సర్వర్ సంగతి తెలుసుకోండి

ప్రశ్న: బీఎస్సీ కంప్యూటర్స్ రెండో ఏడాది చదువుతున్నాను. హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్ నేర్చుకుని మూడు పేజీలు చేశాను. ఇక సర్వర్ సైడ్ నేర్చుకోమంటున్నారు. ఒకరు పీహెచ్‌పీ అంటే ఒకరు పైథాన్, ఇంకొకరు నోడ్ జేఎస్ అంటున్నారు. అమీర్‌పేటలో కోర్సుకు చేరాలా? టెన్షన్‌గా ఉంది. – ఒక విద్యార్థిని, నంద్యాల

జవాబు: ఇంటర్ ఫలితాలు చూసుకున్న రోజు గుర్తుందా? హాల్ టికెట్ నంబర్ కొట్టి బటన్ నొక్కితే మీ మార్కులు వచ్చాయి. అదే పేజీలో మీ స్నేహితురాలు తన నంబర్ కొడితే ఆమె మార్కులు వచ్చాయి. లక్షల మందికి లక్షల పేజీలు ఎవరూ రాసిపెట్టలేదు. మీ నంబర్ ఎక్కడో ఉన్న ఒక కంప్యూటర్‌కు వెళ్లింది. అక్కడి ప్రోగ్రామ్ దాన్ని డేటాబేస్‌లో వెతికి, దొరికిన మార్కులతో పేజీ తయారుచేసి వెనక్కి పంపింది. ఆ ప్రోగ్రామ్ రాయడమే సర్వర్ సైడ్ పని. మీరు పంపింది రిక్వెస్ట్, తిరిగి వచ్చింది రెస్పాన్స్. ఈ రాకపోకలు మనసుకు ఎక్కితే భాష ఏదైనా పట్టుబడుతుంది.

ఇక భాష. పీహెచ్‌పీ 1995లో వచ్చింది, ఇప్పటికీ ఎన్నో వెబ్‌సైట్లు దానిమీదే నడుస్తున్నాయి. పైథాన్‌లో వెబ్‌సైట్ల పనిని తేలిక చేసే జాంగో, ఫ్లాస్క్ అనే ఫ్రేమ్‌వర్క్‌లు ఉన్నాయి. బ్రౌజర్ కోసం పుట్టిన జావాస్క్రిప్ట్‌ను 2009లో వచ్చిన నోడ్ జేఎస్ సర్వర్ మీదికి తెచ్చింది. మీ సిలబస్‌లో వీటిలో ఏది ఉంటే దానితోనే మొదలుపెట్టండి, పరీక్షకూ పనికొస్తుంది. ఏదీ లేకపోతే నా ఓటు జావాస్క్రిప్ట్‌కే. బ్రౌజర్ కోసం అది ఎలాగూ నేర్చుకోవాలి కాబట్టి శ్రమ కలిసొస్తుంది.

ఇప్పుడు ఒక పని చేయండి. మీ ఇంటి పాల లెక్క తీసుకోండి. తేదీ, ఎన్ని ప్యాకెట్లు, ధర ఎంత అని అడిగే ఒక ఫారం. నొక్కగానే ఆ వివరాలు మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లోని టేబుల్‌లో చేరాలి. నెలాఖరుకు మొత్తం ఎంతో చూపించాలి. సర్వర్ కోసం డబ్బు కట్టక్కర్లేదు, మీ ల్యాప్‌టాపే సర్వర్‌గా పనిచేస్తుంది. బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ అని కొడితే పేజీ వస్తుంది. 404 కనిపిస్తే అడిగిన చిరునామాలో ఏమీ లేదని అర్థం. 500 వస్తే తప్పు సర్వర్ వైపు జరిగింది. అప్పుడు బ్రౌజర్‌ను పదేపదే రీఫ్రెష్ చేయకుండా టెర్మినల్‌లో, అంటే మీ సర్వర్ ప్రోగ్రామ్ నడిపిన కమాండ్ విండోలో, వచ్చిన ఎర్రర్ చదవండి. ఆ ఎర్రర్లు ఓపిగ్గా చదివేవాళ్లే ఈ రంగంలో నిలబడతారు.

చాలామంది కొత్తవాళ్లు పొరపడే చోటు ఒకటుంది. ధర ఖాళీలో మైనస్ అంకె వేస్తే ఒప్పుకోకూడదని పేజీలో జావాస్క్రిప్ట్‌తో రాసి, పని అయిపోయిందనుకుంటారు. ఎఫ్12 నొక్కితే ఆ పేజీ కోడ్‌ను ఎవరైనా చూడగలరు, తమ బ్రౌజర్‌లో మార్చగలరు కూడా. అసలు పేజీ తెరవకుండానే మీ సర్వర్‌కు రిక్వెస్ట్ పంపగలరు. అందుకే అదే తనిఖీ సర్వర్‌లోనూ ఉండాలి. పాల లెక్కలో పోయేదేమీ లేదు గానీ, రేపు మీరు ఫీజులు కట్టే పేజీ చేస్తే విద్యార్థి కట్టాల్సిన మొత్తాన్ని బ్రౌజర్ చెప్పినట్టు నమ్మకూడదు, డేటాబేస్ నుంచే తీసుకోవాలి. లాగిన్ పెట్టినప్పుడు పాస్‌వర్డ్‌ను ఉన్నదున్నట్టు దాచకండి, బీక్రిప్ట్ లాంటి పద్ధతిలో హ్యాష్ చేసి, అంటే తిరిగి అసలు పాస్‌వర్డ్‌గా మార్చలేని రూపంలోకి మార్చి దాచండి. ఈ రెండు అలవాట్లూ మొదటి ప్రాజెక్టులోనే రావాలి.

అమీర్‌పేట సంగతి. ఇప్పుడే వద్దు. ఫీజుతో పాటు హాస్టల్ ఖర్చు కూడా ఇంట్లోవాళ్ల మీద పడుతుంది. ఎండీఎన్, ఫ్రీకోడ్‌క్యాంప్ లాంటి వెబ్‌సైట్లలో పాఠాలు ఉచితంగానే ఉన్నాయి. రోజూ గంటన్నర కూర్చుంటే రెండు నెలల్లో పాల లెక్క నడుస్తుంది. అప్పటికీ ఎక్కడైనా ఆగిపోతే, ఆగిన చోటు కాగితం మీద రాసుకుని డెమో క్లాసుకు వెళ్లండి. ఆ ప్రశ్నలకు విడమరిచి జవాబు చెప్పిన చోటే ఫీజు కట్టండి.