మీ బండి, మీ ప్రశ్న: వంద దగ్గర వచ్చి మాయమయ్యే అదురు

ప్రశ్న: నమస్కారం సార్. నాది ఫోర్ వీల్ డ్రైవ్ పికప్, ఆటోమేటిక్ గేర్‌బాక్స్, నాబ్ తిప్పి టూ వీల్ నుంచి ఫోర్ వీల్‌కి మార్చుకునే రకం. హైవే మీద 95 నుంచి 105 కిలోమీటర్ల వేగంలో సీటు కింద, ఫ్లోర్‌లో జుమ్ముమని సన్నగా అదురుతుంది. లోపలి అద్దంలో వెనక వచ్చే బండి మసకగా కనిపిస్తుంది. స్టీరింగ్ మాత్రం నిలకడగానే ఉంటుంది. ఇది రోజూ రాదు, అదే నా బాధ. పది రోజులు ఏమీ ఉండదు, మట్టిదారిలో పని చూసుకుని వచ్చాక మళ్ళీ మొదలవుతుంది, మెకానిక్‌కి చూపించిన రోజు రాదు. మూడుసార్లు వీల్ బ్యాలెన్సింగ్, ఒకసారి అలైన్‌మెంట్ అయ్యాయి, రెండు టైర్లు కొత్తవి వేశాను. ఇప్పుడు వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ వైపు నుంచి వెనక చక్రాలకు శక్తి తీసుకెళ్ళే పొడవాటి కడ్డీ) మార్చేద్దాం అంటున్నారు. మార్చమంటారా?

జవాబు: ఇప్పుడే మార్చకండి. వెనక షాఫ్ట్ బండి కదిలినంతసేపూ తిరుగుతూనే ఉంటుంది, అందులో సొట్టో, ఊడిపోయిన బ్యాలెన్స్ ముక్కో ఉంటే అదురు రోజూ అదే వేగంలో వచ్చి తీరాలి. మీకు పది రోజులు రావడం లేదంటే, ఆ పది రోజుల్లో తిరగకుండా ఉన్న వస్తువేదో ఈ రోజు తిరుగుతోందని నా అనుమానం. ఇలాంటి కేసుల్లో అదురు మీద ఎంత శ్రద్ధ పెడతామో, అది రాని రోజుల మీద కూడా అంతే పెట్టాలి.

ముందు ఇది టైరుదా, షాఫ్ట్‌దా అన్నది తేల్చుకుందాం. మీ టైరు ఎత్తు సుమారు 78 సెంటీమీటర్లు అనుకోండి, గంటకు 100 కిలోమీటర్ల వేగంలో అది సెకనుకు 11 సార్లకు కాస్త పైగా తిరుగుతుంది. డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్య ఉండే గేర్ల పెట్టె) నిష్పత్తి 3.9 అయితే, అంటే చక్రం ఒక చుట్టుకి షాఫ్ట్ 3.9 చుట్లు తిరిగితే, ప్రొపెల్లర్ షాఫ్ట్ అదే సెకనులో 44 సార్లు తిరుగుతుంది. సెకనుకు 11 అంటే ఒళ్ళు కదిలించే ఊపు, ముందు టైరుదైతే చేతిలో స్టీరింగ్‌కే తెలిసిపోతుంది. 44 అంటే జుమ్ముమనే శబ్దం లాంటి అదురు, అద్దం మసకబారుతుంది. మీరు రాసిన లక్షణాలు రెండో రకానివి, అందుకే మూడుసార్లు బ్యాలెన్స్ చేయించినా ఉపయోగం లేకపోయింది. రిమ్ము లోపల ఎండిన మట్టి పెళ్ళ ఉంటే కూడా మట్టిదారి తర్వాతే అదురు వస్తుంది కాబట్టి ఒకసారి నాలుగు చక్రాల లోపలి వైపు చెయ్యి పెట్టి గీకి కడగండి, ఖర్చు లేని పని.

ఇక నా అసలు అనుమానం ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్. మీలాంటి చాలా బండ్లలో టూ వీల్‌లో పెట్టగానే ట్రాన్స్‌ఫర్ కేస్ (శక్తిని ముందు, వెనక షాఫ్ట్‌లకు పంచే పెట్టె) ముందు షాఫ్ట్‌ని వదిలేస్తుంది, ముందు చక్రాల మధ్యలోని హబ్బులు గానీ, యాక్సిల్‌లో ఉండే డిస్‌కనెక్ట్ గానీ చక్రాల్ని దాన్నుంచి విడదీస్తుంది, అప్పుడు ఆ షాఫ్ట్ ఊరికే పడి ఉంటుంది. మట్టిదారిలో మీరు ఫోర్ వీల్ వేసుకుని, రోడ్డెక్కాక నాబ్ టూ వీల్‌కి తిప్పేసి ఉంటారు, ట్రాన్స్‌ఫర్ కేస్ మాట వింటుంది కానీ ముందున్న హబ్బు విడిపోకుండా ఇరుక్కుంటుంది. అప్పుడు చక్రాలే వెనక్కి ఆ షాఫ్ట్‌ని తిప్పుతుంటాయి. ఎక్కువ రోజులు కదలక దాని యూ జాయింట్లలో (షాఫ్ట్ చివర్ల ఉండే కీళ్ళు) గ్రీజు ఎండి ఉంటుంది, ఒంటి మీద మట్టి అంటి ఉంటుంది, అది 100లో నిశ్శబ్దంగా తిరగమంటే ఎలా తిరుగుతుంది? ఏదో ఒక రోజు, రివర్స్ చేసినప్పుడో ఇంకెప్పుడో, హబ్బు టక్కున విడిపోతుంది, మీకేమో రోగం దానంతటదే తగ్గినట్టు అనిపిస్తుంది.

దీన్ని పట్టుకోవడానికి ఒక్క అవకాశం చాలు. ఈసారి అదురు వచ్చిన రోజు, నాబ్ టూ వీల్‌లోనే ఉంచి, చదునైన చోట ఆపి, ఇంజన్ కట్టేసి, పార్క్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు అడ్డు పెట్టండి. సైలెన్సర్ పైపు చల్లారాక కింద దూరి ముందు షాఫ్ట్‌ని చేత్తో తిప్పండి. హబ్బు విడిపోయి ఉంటే అది తిరుగుతుంది. కొద్దిగా ఆడి ఆగిపోతే ఇంకా చక్రాలకు తగులుకునే ఉందన్నమాట. బాగున్న రోజు కూడా ఇదే పరీక్ష చేసి పోల్చుకోవడం మర్చిపోకండి. విడదీసే ఏర్పాటే లేని బండ్లు కూడా ఉన్నాయి, వాటిలో ముందు షాఫ్ట్ ఎప్పుడూ తిరుగుతుంది, అలాంటి బండికి ఈ పరీక్ష ఏమీ చెప్పదు.

షాఫ్ట్ తగులుకునే ఉందని తేలితే హబ్బుకి వెళ్ళే వాక్యూమ్ పైపులు, సోలనాయిడ్ (ఆ వాక్యూమ్‌ని కరెంటుతో తెరిచి మూసే వాల్వు), లేదా యాక్సిల్ మీది మోటారు చూడమనండి. కొన్ని బండ్లలో వాక్యూమ్ అందుతున్నంతసేపే హబ్బు విడిగా ఉంటుంది, ఇంజన్ కట్టేశాక అది తగులుకోవచ్చు కాబట్టి వాటిలో చేత్తో తిప్పే పరీక్షని పూర్తిగా నమ్మకండి. పైపు పగిలితే ఎత్తు ఎక్కేటప్పుడు ఆక్సిలరేటర్ బాగా తొక్కగానే వాక్యూమ్ పడిపోయి హబ్బు సగం తగులుకుంటుంది, చక్రం దగ్గర గరగరమని శబ్దం కూడా వస్తుంది. హబ్బు బాగయ్యాక షాఫ్ట్‌ని మర్చిపోవద్దు, దాని యూ జాయింట్లు కూడా చూపించండి, ఎందుకంటే ఫోర్ వీల్ అవసరమైన రోజు అది పని చెయ్యాలి.

ఇంకా గట్టి రుజువు కావాలంటే ముందు షాఫ్ట్ విప్పేసి రెండు వారాలు టూ వీల్‌లో నడపవచ్చు. విప్పే ముందు రెండు చివర్లా పంచ్ మార్కు పెట్టించండి, స్ప్లైన్ (షాఫ్ట్ ముక్కలు ఒకదాన్లో ఒకటి దూరే చోట ఉండే పళ్ళ వరస) ఒక్క పన్ను తప్పినా కొత్త అదురు మనమే తెచ్చుకుంటాం. మీ బండి మాన్యువల్ చూడకుండా మాత్రం విప్పకండి. నాలుగు చక్రాలూ ఎప్పుడూ నడిపే ఫుల్ టైమ్ ఫోర్ వీల్ బండ్లలో చాలావాటికి, ముందు, వెనక షాఫ్ట్‌ల మధ్య ఉండే సెంటర్ డిఫరెన్షియల్ లాక్ చెయ్యకపోతే షాఫ్ట్ లేకుండా బండి కదలదు, కొన్నిటిలో షాఫ్ట్ లాగగానే నూనె కారిపోతుంది.

చేత్తో తిప్పితే షాఫ్ట్ హాయిగా తిరిగిందా, అప్పుడు నా అనుమానం తప్పు. ఆటోమేటిక్ కాబట్టి తర్వాత చూడాల్సింది టార్క్ కన్వర్టర్ లాకప్, అంటే హైవే వేగంలో ఇంజన్‌నీ గేర్‌బాక్స్‌నీ నేరుగా పట్టేసే క్లచ్. అదురు వస్తుండగా, వెనక ఎవరూ దగ్గరగా లేరని చూసుకుని, ఆక్సిలరేటర్ అలాగే ఉంచి బ్రేకు పెడల్‌ని లైటు వెలిగేంత మాత్రం తాకండి. చాలా బండ్లలో లాకప్ వెంటనే వదులుతుంది. అదురు ఆ క్షణంలోనే ఆగిపోతే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. ఆగకపోతే అప్పుడు వెనక షాఫ్ట్ మధ్య బేరింగ్, యూ జాయింట్లు. బండిలో లోడు ఉన్న రోజు, లేని రోజు తేడా ఉందేమో రాసుకోండి. కమాన్ కట్టల మీద బరువు మారితే వెనక షాఫ్ట్ కోణం మారుతుంది, అప్పుడు కూడా అదురు కొన్ని రోజులే వస్తుంది.

మరొకరి ప్రశ్న: నా బండిలో అదురు 100 దగ్గర ఎనిమిది, పది సెకన్లకోసారి అలలా పెరిగి తగ్గుతుంది. పొడవాటి మలుపు తిరిగాక తీరు మారిపోతుంది. రోడ్డు వల్లేనా?

జవాబు: రోడ్డు కాదండీ, రెండు టైర్లు. రెండు చక్రాల్లోనూ కొద్దికొద్దిగా బ్యాలెన్స్ తప్పి, వాటి చుట్టుకొలతలో ఒక శాతం తేడా ఉంటే ఒకటి సెకనుకు 11 సార్లకు పైగా తిరిగేచోట రెండోది పదో వంతు చుట్టు వెనకబడుతుంది. సుమారు తొమ్మిది సెకన్లకోసారి రెండింటి బరువు పక్కలు ఒకేసారి పైకి లేస్తాయి, అప్పుడు అదురు పెద్దది. మధ్యలో ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం తిరుగుతుంది కాబట్టి ఆ వరుస మారిపోతుంది. ఒక్క టైరు సరిచేస్తే అల పోయినా చిన్న అదురు మిగిలిపోతుంది, అందుకని నాలుగూ బ్యాలెన్స్ చేయించి, గుండ్రంగా ఉన్నాయో లేదో డయల్ గేజ్ పెట్టి చూపించండి. మీదీ ఫోర్ వీల్ బండే అయితే ముందు టైర్లకూ వెనక టైర్లకూ అరుగుదలలో తేడా ఎంతో కొలవండి. పార్ట్ టైమ్ సిస్టమ్‌తో (అవసరమైనప్పుడే ఫోర్ వీల్ వేసుకునే రకం) ఆ తేడా ఉన్న టైర్ల మీద తారు రోడ్డు పైన ఫోర్ వీల్ వేస్తే ట్రాన్స్‌ఫర్ కేస్ మీద అదనపు భారం పడుతుంది.