కండరాల పాఠం ఇష్టపడే అమ్మాయిని ఫిజియోథెరపీకి పంపవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం బైపీసీ. జువాలజీలో కండరాల పాఠం అంటే ప్రాణం. బొమ్మ గీసి గోడకు అంటించుకుంది. నీట్ మాక్ టెస్టుల్లో ఎంబీబీఎస్ సీటు వచ్చేన్ని మార్కులు రావడం లేదు. బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) చేస్తానంటోంది. మా ఇంట్లో పెద్దవాళ్లేమో ‘కాళ్లూ చేతులూ పిసికే పనికి అన్నేళ్ల చదువెందుకు’ అంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, నంద్యాల

జవాబు: ముందు ఆ ‘పిసికే పని’ అన్న మాట సంగతి చూద్దామండి. మూడేళ్ల కిందట మా అమ్మకు మోకాలి మార్పిడి ఆపరేషన్ అయింది. మర్నాడు పొద్దున్నే ఫిజియోథెరపిస్టు వచ్చింది. పాతికేళ్లు ఉంటాయేమో. మోకాలి కింద తువ్వాలు చుట్టి పెట్టి, ‘కాలు ఎత్తొద్దమ్మా, మోకాలితో తువ్వాలును కిందికి నొక్కండి చాలు’ అంది. అమ్మ ఎంత ప్రయత్నించినా తొడ బిగుసుకోలేదు. ‘కండకు ఏమీ కాలేదు. కీలు వాచింది కదా, అందుకే నరం నుంచి దానికి కబురు సరిగా అందడం లేదు’ అని చెప్పి, తొడ మీద చెయ్యి ఆనించి, ఎక్కడ బిగించాలో అమ్మకు తెలిసేలా చేసింది. ఆ పావుగంటలో ఆమె పిసికిందేమీ లేదు. ఏ కండరం, ఎందుకు పనిచేయడం లేదో కనిపెట్టింది. మీ గోడ మీదున్న బొమ్మ ఆ పనికి మొదటి మెట్టు.

ఆ బొమ్మలో ఏముందో మీకూ తెలియాలి. ఉడికిన చికెన్ ముక్క పీచులు పీచులుగా విడిపోవడం చూసే ఉంటారు. మన కండరం కూడా అలాంటి కట్టలే. ఒక్కో కట్టలో కండర తంతువులుంటాయి, ఒక్కో తంతువూ ఒక పొడవాటి కణం. దాని లోపల ఇంకా సన్నని పోగులు, ఆ పోగుల పొడవునా రైలు పెట్టెల్లా వరసగా సార్కోమియర్లు. ఒక్కో పెట్టె మిల్లీమీటరులో దాదాపు 400వ వంతు ఉంటుంది. కండరం ముడుచుకునే పని అంతా అక్కడే జరుగుతుంది.

ప్రతి పెట్టెలో ఆక్టిన్ అనే సన్నని తాళ్లు, మయోసిన్ అనే లావు తాళ్లు ఉంటాయి. నరం నుంచి కబురు రాగానే తంతువు లోపల కాల్షియం విడుదలై, ఆక్టిన్ మీదున్న అడ్డు పక్కకు జరుగుతుంది. ఇక బావిలో చేద తోడడం గుర్తు తెచ్చుకోండి. ఒక చెయ్యి తాడు పట్టి లాగుతుంటే ఇంకో చెయ్యి ముందుకెళ్లి పట్టుకుంటుంది. రెండు చేతులూ ఒకేసారి వదిలితే చేద బావిలో పడుతుంది. మయోసిన్ తాళ్ల మీద పొడుచుకొచ్చి ఉండే తలలు కూడా ఇలాగే ఒకదాని తర్వాత ఒకటి ఆక్టిన్‌ను పట్టి, లాగి, వదిలి, మళ్లీ పట్టుకుంటాయి. తాళ్లు పొట్టివి కావు, ఒకదాని మీదుగా ఒకటి జారతాయంతే. తాళ్లే ముడుచుకుపోతాయని చాలాకాలం అనుకున్నారు. 1954లో రెండు బృందాలు, ఆండ్రూ హక్స్‌లీ, రోల్ఫ్ నీడర్‌గెర్కే ఒకటి, హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్ ఇంకొకటి, మైక్రోస్కోపులో చూసి, జారుతున్నాయని తేల్చాయి. మయోసిన్ పట్టు వదలడానికి కూడా కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థం కావాలి. చనిపోయిన మనిషి ఒళ్లు కట్టెలా బిగుసుకుపోయేది అది దొరకకే.

ఇది పరీక్షలో రాసి మరిచిపోయే సంగతి కాదు. మణికట్టును లోపలికి పూర్తిగా వంచి పిడికిలి బిగించి చూడండి, బలం చాలదు. మణికట్టు కాస్త వెనక్కి పెట్టి బిగించండి, పట్టు వస్తుంది. తాళ్లు ఒకదాని మీద ఒకటి ఎంత మేర ఉన్నాయన్నదాన్ని బట్టే లాగే బలం ఉంటుంది. ఫిజియోథెరపిస్టు వ్యాయామం ఏ కోణంలో చేయించాలో చూసుకోవడం వెనక ఉన్నది ఈ లెక్కే. అలిపిరి మెట్లు దిగి వచ్చినవాళ్లకు మర్నాడు తొడలు పట్టేయడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. దిగేటప్పుడు తొడ కండరం బ్రేకు వేస్తూనే సాగాల్సి వస్తుంది. ఎక్కడం కన్నా ఆ పని కండరాన్ని ఎక్కువ దెబ్బతీస్తుంది.

ఇప్పుడు చదువు విషయం. బీపీటీ ఇన్నాళ్లూ ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగున్నరేళ్లు ఉండేది, కొత్త సిలబస్‌లో 5 ఏళ్లు చేశారు. ఫిజియోథెరపీ లాంటి అనుబంధ ఆరోగ్య వృత్తులకు 2021లో జాతీయ కమిషన్ చట్టం వచ్చాక ప్రవేశ నిబంధనలు కూడా మారుతున్నాయి. అందుకే నీట్ రాయడం మాత్రం మానొద్దు. విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం, వరంగల్‌లోని కాళోజీ విశ్వవిద్యాలయం ఆ ఏడాది ఇచ్చే నోటిఫికేషన్‌ను మీరే కూర్చుని చదవండి. తిరుపతి స్విమ్స్‌లో, హైదరాబాద్ నిమ్స్‌లో కూడా ఈ కోర్సు ఉంది. కాలేజీ చూడటానికి వెళితే బిల్డింగు కాదు, దానికి సొంత ఆసుపత్రి ఉందా, రోజూ రోగులు వస్తున్నారా అన్నది చూడండి. రోగి మీద చెయ్యి పెట్టకుండా ఈ విద్య రాదు.

ఒక మాట దాచను. ప్రైవేటు క్లినిక్కుల్లో మొదట్లో జీతం తక్కువే ఉంటుంది. బీపీటీ తర్వాత రెండేళ్ల పీజీ అయిన ఎంపీటీ చేసి ఎముకలు–కీళ్లు, నరాలు, క్రీడలు లాంటి ఒక శాఖలో చెయ్యి తిరిగాకే నిలదొక్కుకుంటారు. పక్షవాతం వచ్చిన మనిషి వేలు కదిపేదాకా వారాల తరబడి అదే పని చేయించే ఓపిక కావాలి.

అందుకే మీ అమ్మాయిలో చూడాల్సింది ఒకటే. ఆమెకు ఆ తాళ్ల కథ ఇష్టమా, లేక కదలలేని మనిషిని కదిలించడం ఇష్టమా? మొదటిదైతే బీఎస్సీలో బయోకెమిస్ట్రీ చదివి పరిశోధన వైపు వెళ్లడం మంచిది. అందులో చిన్నతనం ఏమీ లేదు. రెండోదైతే బీపీటీకి నిశ్చింతగా పంపండి. సెలవుల్లో పెద్ద ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి, అక్కడి డాక్టరుగారిని అడిగి, ఫిజియోథెరపీ విభాగంలో ఒక వారం కూర్చోబెట్టండి. సాయంత్రం ఇంటికొచ్చి ఆమె ఏం చెబుతోందో వినండి, ఎవరి గురించి చెబుతోందో కూడా. వీలైతే ఒకరోజు మీ ఇంటి పెద్దవాళ్లను కూడా వెంట తీసుకెళ్లండి.