థెరపీ కుక్కలు రిటైరయ్యాక ఎక్కడుంటాయి, ఏం చేస్తాయి?

షెల్టర్‌కేమీ పంపేయరు. థెరపీ కుక్క మామూలుగా పెంచుకున్నవాళ్ల ఇంట్లోనే ఉంటూ వాళ్లతో కలిసి ఆసుపత్రికో, వృద్ధాశ్రమానికో వెళ్లి అక్కడివాళ్లకి కాస్త ఊరటనిచ్చి వస్తుంది కాబట్టి రిటైరైనా ఇల్లు మారదు, మనుషులు మారరు, డ్యూటీ ఒక్కటే ఆగుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ సైనికులను పలకరించిన స్మోకీ అనే చిన్న యార్క్‌షైర్ టెరియర్ కూడా 1957లో చనిపోయేదాకా యజమాని దగ్గరే ఉంది.

ఫలానా వయసుకి ఆపాలని లేదు. లాబ్రడార్లు సాధారణంగా 10 నుంచి 12 ఏళ్లు బతుకుతాయి, కీళ్ల నొప్పులు అంతకంటే ముందే మొదలవ్వొచ్చు. నన్నడిగితే ప్రవర్తన చూడాలి: బయటికి తీసుకెళ్లడానికి బెల్టు చేతిలోకి తీసుకోగానే గంతులేసేది కదలకపోవడం, ఎవరైనా చెయ్యి వేస్తే మొహం తిప్పుకోవడం, నిద్ర రాకపోయినా ఆవలించడం, మాటిమాటికీ మూతి నాక్కోవడం. అది టెన్షన్ పడుతోందని అర్థం. ఇంకొక్క నెల చూద్దాంలే అనుకోవద్దు, దయచేసి.

అలాగని ఒక్కసారిగా మాన్పిస్తే కొన్ని దిగులు పడతాయి. విజయవాడలో మా పక్కింటివాళ్ల లాబ్రడార్ ఇలాగే రిటైరైంది, మూతంతా తెల్లబడింది, మార్బుల్ మీద వెనక కాళ్లు జారుతున్నాయని హాల్లో పాత జంపఖానా పరిచారు. సాయంత్రం ఆరింటికి, అంటే పాత డ్యూటీ టైముకి, గేటు దగ్గర కూర్చుంటుంది. ట్యూషన్ నుంచి వచ్చే పిల్లలు తల నిమిరి వెళ్తారు. మన ఎండలకి మాత్రం మే నెలలో వాకింగ్ తెల్లవారుజామునే అయిపోవాలి, తారురోడ్డు వేడికి పాదాలు బొబ్బలెక్కుతాయి.