అక్కయ్య జవాబులు: తుపాకీ కంటే ముందు చొక్కా కనిపిస్తుంది

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే విషయం మీద ఉన్నాయి: తుపాకీ, దాన్ని పట్టుకున్న మనిషి వేషం. అందుకే మిగతావి వచ్చే నెలకి దాచాను. కొత్తగా చదివేవాళ్ల కోసం ఒక్క మాట. నాది తెనాలి. డాలస్ పక్కన ఇర్వింగ్‌లో 19 ఏళ్లుగా బట్టల ఆల్టరేషన్ షాపు నడుపుతున్నాను. ప్యాంట్లు పొట్టి చేయడం, నడుములు వదులు చేయడం, కోట్లకు లైనింగు మార్చడం నా పని. ఈ దేశం గురించి నాకు తెలిసినదంతా కుట్టుమిషను ముందు కూర్చుని తెలుసుకున్నదే.

ప్రశ్న: అమ్మాయ్, కోడలి పురుడని రెండు నెలల కిందట ఫ్రిస్కో వచ్చాం. మొన్న కిరాణా షాపులో పాలు తీసుకుంటుంటే, నా పక్కనే ఒకాయన నడుముకి పిస్తోలుతో నిలబడి గుడ్లు ఏరుకుంటున్నాడు. పోలీసు కాదు. నాకు కాళ్లు వణికాయి. మా వారేమో "చొక్కా టక్ చేసుకున్నాడు, నున్నగా గడ్డం గీసుకున్నాడు, పెద్దమనిషిలే" అని తేల్చేశారు. షోకుగా ఉంటే తుపాకీ పేలదా? ఇంట్లో అందరూ నన్ను చూసి నవ్వుతున్నారు.
- ఒక నాయనమ్మ, గుంటూరు

జవాబు: పిన్నిగారూ, మీరు వణికినందుకు ఎవరూ నవ్వకూడదు. నేను షాపు పెట్టిన కొత్తల్లో ఇక్కడ కూడా ఈ దృశ్యం లేదు. కౌబాయ్ సినిమాలు చూసి మనం వేరేగా అనుకుంటాం గానీ, పిస్తోలు పైకి కనిపించేలా పెట్టుకుని ఊళ్లో తిరగడానికి టెక్సస్‌లో 1871 నుంచీ చట్టం ఒప్పుకోలేదు. 1996లో లైసెన్సు ఉన్నవాళ్లు బట్టల కింద దాచుకుని తిరగొచ్చన్నారు. 2016 జనవరి 1 నుంచి అదే లైసెన్సుతో పైకి పెట్టుకోవచ్చన్నారు. 2021 సెప్టెంబర్ నుంచి 21 ఏళ్లు నిండి, తుపాకీ ఉంచుకునే అర్హత ఉంటే ఆ లైసెన్సు కూడా అక్కర్లేదన్నారు. పైకి కనిపిస్తుంటే మాత్రం తుపాకీ ఒరలో, అంటే హోల్‌స్టర్‌లో ఉండాలి.

ఇక బాబాయిగారి మాట. ఆయన అన్నది ఇక్కడ చాలామంది మనసులో ఉన్నదే. మనమూ అంతే కదా. గుంటూరులో బ్యాంకు గేటు దగ్గర స్టూలు మీద కూర్చున్న గార్డు ఒళ్లో డబుల్ బ్యారెల్ తుపాకీ ఉంటుంది. మీరు ఎన్నిసార్లు ఆయన పక్క నుంచే లోపలికి వెళ్లి ఉంటారు? ఖాకీ చొక్కా, ఆ స్టూలు చూసి మనకు భయం వేయదు. ఎమ్మెల్యే గారి వెనక సఫారీ సూటులో నిలబడ్డ గన్‌మేన్‌ని చూసినా వేయదు. ఆ బట్టలకు అర్థం మనకు చిన్నప్పటి నుంచి తెలుసు.

టెక్సస్ వాళ్లకు టక్ చేసిన చొక్కా, టోపీ, బూట్లు అలాంటివి. టెక్సస్ రేంజర్లని ఇక్కడ పేరున్న పోలీసు దళం ఉంది. వాళ్లకు యూనిఫాం ఉండదు. ఇస్త్రీ చొక్కా, టై, లేతరంగు టోపీ, తోలు బూట్లు, ఛాతీ మీద మెక్సికో ఐదు పెసోల వెండి నాణేన్ని చెక్కి చేసిన నక్షత్రం. తరతరాలుగా ఆ బొమ్మ చూసి పెరిగినవాళ్ల కంటికి, ఇస్త్రీ చొక్కాతో, నడుముకి తుపాకీతో వచ్చినాయన చట్టం తరఫు మనిషిలాగే కనిపిస్తాడు.

తుపాకీ పెట్టుకునేవాళ్లకు కూడా ఈ సంగతి బాగా తెలుసు. నా దగ్గరికి అలాంటివాళ్లు చాలామంది వస్తారు. కోటు విప్పి టేబుల్ మీద పరిస్తే నాకు ఇట్టే తెలిసిపోతుంది. కుడి నడుం దగ్గర లైనింగు అరచేయంత మేర నూలుపోగులుగా లేచిపోయి ఉంటుంది. పిస్తోలు పిడికి గరుకు గీతలు ఉంటాయి, అవి రోజంతా రాసుకుని పట్టులాంటి గుడ్డని కొరికేస్తాయి. అక్కడ మందపాటి గుడ్డ అతుకు వేసి కుడతాను. ప్యాంటు లోపల పెట్టుకునేవాళ్లకైతే నడుం అంగుళంన్నర, రెండంగుళాలు వదులు చేయాలి. వెనక మధ్య కుట్టు విప్పి, లోపల మడిచి ఉంచిన గుడ్డ వదిలి, బెల్టు లూపులు రెండు వరసలు కుడతాను. చొక్కా మీదుగా తుపాకీ ఆకారం తేలితే వాళ్లు దాన్ని "ప్రింటింగ్" అంటారు.

ఒక పెద్దాయన ఉన్నారు, డెబ్భై దాటాయి. మొదటిసారి వచ్చినప్పుడు నడుముకి తోలు హోల్‌స్టర్ ఉంది. నేను గుండుసూదులు నోట్లో పెట్టుకుని కొలతకు మోకాళ్ల మీద కూర్చోబోతుంటే, "ఒక్క నిమిషం ఆగమ్మా" అని బయటికి వెళ్లి, దాన్ని కారులో పెట్టి తాళం వేసి వచ్చారు. నా ముఖం ఆ తుపాకీకి జానెడు దూరంలో ఉంటుందని ఆయనకు తోచింది. ఆయన్ని నేను నమ్మింది ఆ పనికి. చొక్కా అంటారా, అంతకంటే ఖరీదైన చొక్కాలు వేసుకున్న మొరటువాళ్లను కూడా చూశాను.

దీనికి ఎదురుగా 2014లో ఇక్కడే జరిగింది వినండి. అప్పటికి పిస్తోలు పైకి పెట్టుకోకూడదు గానీ, పొడుగు తుపాకులకు ఆ నిషేధం లేదు. పిస్తోలుకీ అనుమతి కావాలని అడుగుతూ కొందరు ఛాతీ మీదుగా రైఫిళ్లు వేలాడదీసుకుని హోటళ్లలోకి వెళ్లి ఫొటోలు దిగారు. అవి చూసి దేశమంతా బెదిరింది. ఆ మే నెలలో చిపోట్లే హోటళ్ల వాళ్లు తుపాకులతో రావద్దని కస్టమర్లను కోరారు. తుపాకీ హక్కుల కోసం పోరాడే నేషనల్ రైఫిల్ అసోసియేషన్ కూడా ఒక ప్రకటనలో ఇది వింతగా, భయపెట్టేలా ఉందని అనేసి, సొంత మనుషులు గోల చేశాక వెనక్కి తీసుకుంది.

అందుకని పిన్నిగారూ, మీరు బట్టలు చూడకండి, చేతులు చూడండి. తుపాకీ హోల్‌స్టర్‌లో ఉండి, చేతులు గుడ్ల డబ్బా మీద ఉంటే మీ పాలు మీరు తీసుకుని నెమ్మదిగా వేరే వరసలోకి వెళ్లిపోండి. ఫొటో తీయొద్దు, తేరిపార చూడొద్దు. తుపాకీ బయటికొచ్చినా, చెయ్యి దాని మీదే ఉన్నా, మనిషి అరుస్తున్నా బయటికి వచ్చేసి 911కి, అంటే ఇక్కడి అత్యవసర నంబరుకి, ఫోన్ చేయించండి. మీ కళ్లు చూసింది మాత్రమే చెప్పండి, మీ భయం చెప్పినది కలపొద్దు. 2014 ఆగస్టులో ఒహాయోలో, షాపు అరలోంచి తీసిన ఎయిర్ గన్ చేత్తో పట్టుకుని ఫోన్‌లో మాట్లాడుకుంటున్న ఒక నల్లజాతి కుర్రాణ్ని, మనుషుల మీదికి గురి పెడుతున్నాడని ఒకరు ఫోన్ చేస్తే, పోలీసులు వచ్చి కాల్చి చంపేశారు. వీడియో చూస్తే ఆ ఫోన్‌లో చెప్పినట్టు లేదు.

మనసు ఒప్పకపోతే తలుపు మీద 30.07 అని నంబరు ఉన్న బోర్డు చూసుకుని షాపు ఎంచుకోండి. ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ అంగుళం ఎత్తు అక్షరాలతో ఉంటుంది. లైసెన్సు ఉన్నవాళ్లు పైకి కనిపించే పిస్తోలుతో రాకూడదని దానర్థం. లైసెన్సు లేకుండా తెచ్చేవాళ్లకు 30.05 అని వేరే బోర్డు ఉంటుంది.

ప్రశ్న: స్వామి శరణం అక్కా. మాది కరీంనగర్. డాలస్‌కి గంటన్నర దూరంలో చిన్న ఊళ్లో గ్యాస్ స్టేషన్ స్టోర్ నడుపుతున్నాను. సిటిజన్‌షిప్ వచ్చి మూడేళ్లు. పోయినేడాది షాపులో దొంగలు పడ్డాక పిస్తోలు కొని నడుముకి పైకే పెట్టుకుంటున్నాను. ఇప్పుడు అయ్యప్ప మాల వేసుకున్నాను. నల్ల చొక్కా, నల్ల ప్యాంటు, గడ్డం, విభూతి. వారం నుంచి రోజూ వచ్చేవాళ్లు కూడా తలుపు దగ్గరే ఆగిపోతున్నారు. ఒక ముసలావిడ పాల డబ్బా కౌంటర్ మీద పెట్టి, నన్ను పైనుంచి కిందికి చూసి, వదిలేసి వెళ్లిపోయింది. పక్కన పశువుల దాణా కొట్టు ఆయన కూడా తుపాకీతోనే తిరుగుతాడు, ఆయన్నెవరూ ఏమీ అనరు. మా ఆవిడ టెన్షన్ పడి గడ్డం తీసేయమంటోంది. ఫ్రెండు కౌబాయ్ టోపీ పెట్టుకోమంటున్నాడు. ఏం చేయను?
- ఒక స్వామి, తూర్పు టెక్సస్

జవాబు: స్వామీ, మీ ఉత్తరం చదివిన రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. కరీంనగర్ బజార్లో మీరు ఇదే వేషంలో నడిస్తే ఎదురొచ్చినవాళ్లు పక్కకు తప్పుకుని దండం పెడతారు. మీకంటే పెద్దవాళ్లు కూడా మిమ్మల్ని స్వామీ అంటారు. నల్ల గుడ్డ, పెరిగిన గడ్డం, చల్లనీళ్ల స్నానం, 41 రోజుల నియమం, ఇవన్నీ కలిపి చదవడం మనకు వచ్చు. ఆ ముసలావిడకు రాదు. ఆవిడకు కనిపించింది నల్ల బట్టలు, గడ్డం, తుపాకీ. ఆవిడ మీద కోపం పెట్టుకోకండి. మళ్లీ వస్తే పాలు ఉచితంగా ఇచ్చి పలకరించండి.

గడ్డం తీయొద్దు. మాల దేవుడి కోసం వేసుకున్నారు. టోపీ కూడా వద్దు. అలవాటు లేని టోపీ మనిషి మీద అద్దెకు తెచ్చినట్టు ఉంటుంది, ఆ ఊరివాళ్లు అర నిమిషంలో పసిగడతారు.

బట్టల విషయంలో నేను చేయగలిగిన సాయం ఒకటుంది. రాత్రిపూట ఒక అపరిచితుడు మీ షాపులోకి వస్తే, ఈయన షాపాయనా, షాపుని దోచుకోవడానికి వచ్చినాయనా అన్నది ముందు తెలియాలి. నల్లరంగులోనే కాలరున్న టీషర్టు తీసుకోండి, మాలకు అడ్డు కాదు. ఛాతీ మీద తెల్లదారంతో మీ షాపు పేరు, కింద మీ పేరు పెద్ద అక్షరాలతో ఎంబ్రాయిడరీ చేయించండి. దూరం నుంచి చదవగలగాలి. కొలతలు పంపండి, నేనే కుట్టి పంపిస్తాను.

ఇది జనం కోసం. పోలీసుల సంగతి వేరు, నా నిద్ర చెడగొట్టింది అదే. మళ్లీ దొంగలు పడ్డారనుకోండి, మీరే 911కి ఫోన్ చేస్తారు. వచ్చిన పోలీసు తలుపు తోసేసరికి లోపల ఇద్దరు ముగ్గురు మనుషులు, వాళ్లలో ఒకరు గడ్డంతో, నల్లబట్టలతో, తుపాకీతో. మీ ఛాతీ మీది పేరు చదివే టైము ఆయనకు ఉంటుందా?

డాలస్‌లో 2016 జూలై 7 రాత్రి ఏం జరిగిందో గుర్తుందా? ఊరేగింపులో ఒక నల్లజాతి ఆయన చట్టం ఒప్పుకున్నట్టే భుజానికి రైఫిల్ వేసుకుని, మిలటరీ మచ్చల టీషర్టుతో నడుస్తున్నాడు. ఎవరో పోలీసుల మీద కాల్పులు మొదలుపెట్టి ఐదుగురిని చంపారు. కాల్పులు మొదలవగానే ఈయన తన తుపాకీని పక్కనున్న పోలీసుకే అప్పగించాడు. అయినా ఆయన ఫొటోని అనుమానితుడంటూ పోలీసులే ట్విటర్లో పెట్టారు. ఆయనకు ఏ సంబంధమూ లేదని తేలడానికి చాలాసేపు పట్టింది. అంతసేపు దేశమంతా ఆయన ముఖం తిరిగింది. దాణా కొట్టు ఆయనకి అదే టీషర్టు తొడిగి ఆ రాత్రి అక్కడ నిలబెడితే అలా జరిగేదా అని నేను చాలాసార్లు అనుకున్నాను.

ఇది ఇవాళ్టి సంగతి కూడా కాదు. 1967 మే 2న కాలిఫోర్నియా రాజధాని శాక్రమెంటోలో నల్లజాతివాళ్ల హక్కుల కోసం పోరాడే బ్లాక్ పాంథర్ పార్టీ వాళ్లు దాదాపు ముప్ఫై మంది తుపాకులతో అసెంబ్లీ భవనంలోకి నడిచారు. నల్ల తోలు జాకెట్టు, లేత నీలం చొక్కా, నల్ల బెరే టోపీ వాళ్ల గుర్తు. తిన్నగా, శుభ్రంగా, ఒక దళంలా కనిపించాలని కోరి ఎంచుకున్న బట్టలు. తుపాకీ పైకి పట్టుకుని నడవడం అప్పటికి అక్కడ నేరం కాదు. కానీ ఆ బట్టల్లో, ఆ ఒంటి మీద ఆ తుపాకులు చూసి అధికారంలో ఉన్నవాళ్లకు ముచ్చెమటలు పోశాయి. అప్పటికే సభలో ఉన్న ఒక బిల్లు వేగం పుంజుకుని, జనంలో గుళ్లు నింపిన తుపాకీతో తిరగకూడదని ఆ జూలైలోనే చట్టమైంది. సంతకం చేసిన గవర్నర్ రొనాల్డ్ రీగన్. అంత పొందికైన బట్టలు కూడా వాళ్లకు గౌరవం తెచ్చిపెట్టలేదు.

మన సంగతి చెప్పాలంటే 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఒలేతా ఊళ్లో జరిగింది చూడండి. ఆఫీసు అయ్యాక కూర్చుని మాట్లాడుకుంటున్న ఇద్దరు తెలుగు ఇంజనీర్లను ఇరానీలనుకుని ఒకడు కాల్చాడు. ఒకరు చనిపోయారు. వాళ్ల దగ్గర ఆయుధమే లేదు. మన ముఖాన్ని ఎవరు ఏమని చదువుతారో మన చేతిలో లేదు స్వామీ. దాని పక్కన ఒక తుపాకీ కూడా చూపించడం నాకు ఇష్టం లేదు.

మీ భయం ఉత్తదని అనను. గ్యాస్ స్టేషన్లలో రాత్రి డ్యూటీ చేస్తూ మన పిల్లలు బలైన వార్తలు చదివినప్పుడల్లా నాకు అన్నం సహించదు. కానీ మీ హక్కు మీకుంది కాబట్టి వాడుకోండి అని చెప్పలేను. నడుం మీద నుంచి తీసేయండి. కౌంటర్ కింద తాళం పెట్టే పెట్టెలో ఉంచుకోండి. గల్లాలో డబ్బు తక్కువ ఉంచండి, లైట్లు పెంచండి, కెమెరా అందరికీ కనబడేలా పెట్టండి. దొంగ గల్లా అడిగితే ఇచ్చేయండి. మాల దించాక మళ్లీ పెట్టుకోవాలనిపిస్తే ముందు నాకు ఒక్కసారి ఫోన్ చేయండి, మీ ఆవిడను కూడా లైన్లోకి తీసుకోండి.

ప్రశ్న: అమ్మా, మా అబ్బాయి ఎమ్మెస్‌కి టెక్సస్ వెళ్లి ఎనిమిది నెలలు. నల్లకళ్లద్దాలు, పుర్రె బొమ్మ టీషర్టు వేసుకుని, ఫ్రెండు రైఫిల్ చేతిలో పట్టుకుని ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటో పెట్టాడు. అడిగితే ఇక్కడ అందరూ పెట్టుకుంటారు నాన్నా అంటున్నాడు. నిజమేనా?
- ఒక తండ్రి, వరంగల్

జవాబు: అన్నగారూ, అందరూ కాదు. స్టూడెంట్ వీసా, హెచ్‌1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. సరైన వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. కాసేపు సరదాగా పట్టుకున్నానంటే చెల్లుతుందన్న ధీమా వద్దు, ఆ ఫొటోయే సాక్ష్యం అవుతుంది. వీసా దరఖాస్తులో సోషల్ మీడియా ఖాతాలు అడుగుతారు. ఆ ఫొటో చూసే అధికారికి మీ అబ్బాయి చదువూ మార్కులూ కనిపించవు, పుర్రె బొమ్మా తుపాకీ కనిపిస్తాయి. యూనివర్సిటీలో కూడా లైసెన్సు ఉన్నవాళ్లు దాచుకుని తేవడానికే 2016 ఆగస్టు నుంచి అనుమతి, పైకి కనబడకూడదు.

తిట్టకండి, దాచిపెట్టడం నేర్చుకుంటాడు. ఈ రాత్రే ఫోన్ చేసి విషయం నెమ్మదిగా చెప్పి, ముందు ఒక ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడమనండి. ఆయన చెప్పినట్టు ఆ ఫొటో సంగతి చూసుకోమనండి. ఇంటర్వ్యూలకు కోటు కొనుక్కుంటే భుజాలు సరిపోయినవి చూసి కొనమనండి, భుజాలు సరిచేయడం కష్టం. చేతులూ నడుమూ నేను సరిచేసి ఇస్తాను. మీ అబ్బాయి దగ్గర డబ్బు తీసుకోను.